కొత్త డొమైన్ ఎక్స్‌టెన్షన్ తీసుకోవాలా? ముందు వదులుకోవడం గురించి ఆలోచించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ సంస్థ చాలాకాలంగా డాట్ కామ్ పేరు మీద నడుస్తోంది. వెబ్‌సైట్, ఉద్యోగుల మెయిళ్లు, బిల్లుల మీద అచ్చయ్యే చిరునామా అన్నీ దానివే. ఇప్పుడు మీ వ్యాపారానికి సరిపోయే కొత్త ఎక్స్‌టెన్షన్ (పేరు చివర డాట్ కామ్ స్థానంలో వచ్చే భాగం) ఒకటి వస్తోందనీ, ట్రేడ్‌మార్క్ ఉన్నవారికి ముందుగా అవకాశం ఇస్తున్నారనీ, ఆలస్యం చేస్తే మీ పేరు మరొకరి పాలవుతుందనీ డొమైన్ పేర్లు అమ్మే రిజిస్ట్రార్ వరసగా మెయిళ్లు పంపుతున్నాడు. "ఎందుకైనా మంచిది, తీసేసుకుందాం" అని మీ భాగస్వామి అంటున్నారు. "వాడని పేర్లకు ఇప్పటికే డబ్బు కడుతున్నాం, ఇంకొకటి దేనికి?" అని లెక్కలు చూసే ఆయన అడుగుతున్నారు. ఎవరిది సరైన మాట?

లెక్కలు చూసే ఆయనదే. కాకపోతే ఆయన చెప్పిన కారణం అంత బలమైనది కాదు. సాధారణ పేరుకు ఏటా కట్టే రుసుము ఏ వ్యాపారాన్నీ ముంచదు. పేరును ఒకసారి వాడకంలోకి తెచ్చాక దాన్ని వదిలించుకోవడం దాదాపు అసాధ్యం, అసలు బరువు అక్కడుంది. తీసుకోవడం ఐదు నిమిషాల పని. వదలడం మాత్రం, వదిలినా ఫర్వాలేదని ధైర్యంగా చెప్పగలిగే రోజు ఎప్పటికీ రాకపోవచ్చు. అందుకే నన్ను ఎవరైనా "ఈ ఎక్స్‌టెన్షన్ తీసుకోవాలా?" అని అడిగితే, "తీసుకున్న మర్నాడు దానితో ఏం చేస్తారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. జవాబు తడుముకుంటే వద్దనే చెబుతాను.

ముందు ఆ మెయిళ్ల సంగతి. వాటిలో అబద్ధం ఉండకపోవచ్చు, తొందర మాత్రం కావాలని పుట్టించినది. రిజిస్ట్రార్ అంటే పేర్లు అమ్మేవాడు. ఆ ఎక్స్‌టెన్షన్‌ను నడిపే సంస్థను రిజిస్ట్రీ అంటారు. కొత్త ఎక్స్‌టెన్షన్ మొదలైన తొలి నెలల్లో ఎన్ని పేర్లు అమ్ముడుపోతే ఇద్దరికీ అంత లాభం. ఆ దశలో ఎక్కువగా కొనేది వాడుకునేవారు కాదు, భయపడేవారు.

భయంతో కొనడం ఒకప్పుడు కొంతవరకు సాగేది. మొదటి డాట్ కామ్ పేరు 1985 మార్చి 15న నమోదైంది. అప్పట్లో ఎక్స్‌టెన్షన్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2000లో డాట్ ఇన్ఫో, డాట్ బిజ్ వంటి ఏడింటిని ఎంపిక చేసింది. అన్నిటిలోనూ పేరు తీసిపెట్టుకోవడం అప్పుడు సాధ్యమే, చాలామంది చేశారు కూడా. 2012లో తలుపులు బార్లా తెరిచారు. 1,930 దరఖాస్తులు వచ్చాయి, వాటిలో 1,200కు పైగా ఎక్స్‌టెన్షన్లు అమల్లోకి వచ్చాయి. తర్వాతి విడత దరఖాస్తుల గడువును 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు పెట్టారు, అంటే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అన్నిటిలో మీ పేరును కాపాడుకోవడం ఏ సంస్థకూ అయ్యే పని కాదు. ఈ ఒక్కటి తీసుకున్నా మిగిలిన వెయ్యి తెరిచే ఉంటాయి. పైగా మోసగాడికి కొత్త ఎక్స్‌టెన్షన్ అవసరమే లేదు. మీ పేరుకు ఒక హైఫన్ పెట్టి, ఒక అక్షరం మార్చి, చివర 'సపోర్ట్' అనో 'పేమెంట్స్' అనో తగిలించి డాట్ కామ్‌లోనే కొంటాడు. నకిలీ బిల్లులు పంపేవారు ఎక్కువగా అనుసరించే దారి అదే.

కాబట్టి కొనడానికి కారణం ఏమిటో ముందు తేల్చుకోండి. వాడుకోవడానికా, ఇతరులకు దక్కకుండా చేయడానికా? మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి. మీ భాగస్వామి కాపలా గురించి మాట్లాడుతున్నారు, రిజిస్ట్రార్ మెయిల్ వాడకం గురించి ఊరిస్తోంది.

కాపలా మాట మొదట చూద్దాం. మీ పేరు కల్పిత పదమా, మామూలు పదమా అన్నదాన్నిబట్టి ఇక్కడ జవాబు మారిపోతుంది. మరెక్కడా లేని పదాన్ని మీరే సృష్టించి పేరుగా పెట్టుకొని, దానికి ట్రేడ్‌మార్క్ నమోదు చేయించి ఉంటే, చట్టపరంగా మీ స్థితి గట్టిది. ఎవరైనా ఆ పేరును కొత్త ఎక్స్‌టెన్షన్‌లో తీసుకొని దురుపయోగం చేస్తే, 1999 నుంచి అమల్లో ఉన్న యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార పద్ధతి కింద ఫిర్యాదు చేయవచ్చు. మూడు విషయాలు నిరూపించాలి: ఆ డొమైన్ మీ మార్కును పోలి గందరగోళం కలిగిస్తోందని, తీసుకున్నవారికి దానిమీద న్యాయమైన హక్కు గానీ ప్రయోజనం గానీ లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని. గెలిస్తే ఆ పేరు మీకు బదిలీ అవుతుంది. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర ఒకటి నుంచి అయిదు పేర్ల వరకు ఒకే సభ్యుడి విచారణకు రుసుము 1,500 డాలర్లు, న్యాయవాది ఖర్చు వేరు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఎప్పుడో ఒకసారి, అదీ నిజంగా అవసరమైతేనే పెట్టాల్సిన ఖర్చు. పదుల కొద్దీ వాడని పేర్లకు ఏళ్ల తరబడి కట్టే మొత్తంతో పోల్చి చూసుకోండి.

2012 విడత ఎక్స్‌టెన్షన్లకు యూఆర్‌ఎస్ అనే త్వరిత పద్ధతి కూడా ఉంది. అది చవక, వేగం కూడా ఎక్కువ. కానీ సాక్ష్యం తిరుగులేనిదై ఉండాలి, గెలిచినా ఆ పేరు నిలిచిపోతుందే తప్ప మీ చేతికి రాదు. నకిలీ సైటును వెంటనే మూయించడమే లక్ష్యమైతే సరిపోతుంది.

మామూలు పదం పేరుగా ఉన్నవారి పరిస్థితి వేరు. మీ సంస్థ పేరు 'వెలుగు' లాంటిదనుకోండి. దీపాలు అమ్మే మరొకరు ఆ పదాన్ని కొత్త ఎక్స్‌టెన్షన్‌లో తీసుకొని నిజాయతీగా వ్యాపారం చేసుకుంటే మీరు ఏ ఫిర్యాదుతోనూ దాన్ని లాక్కోలేరు. ముందే తీసుకోవడంలో అర్థమున్నది ఇలాంటివారికే. విచిత్రమేమిటంటే, కల్పిత పేర్లున్నవారే ఎక్కువ కంగారుపడి అన్నీ కొంటుంటారు. మామూలు పదాలున్నవారు "మా పేరు అందరికీ తెలుసు, ఎవరు తీసుకుంటారు?" అని ధీమాగా కూర్చుంటారు.

మెయిల్‌లో చెప్పిన ముందస్తు అవకాశాన్ని సన్‌రైజ్ దశ అంటారు. ఊరికే ట్రేడ్‌మార్క్ ఉందంటే చాలదు, దాన్ని ట్రేడ్‌మార్క్ క్లియరింగ్‌హౌస్ అనే కేంద్ర జాబితాలో నమోదు చేయించి, వాడుతున్నట్టు రుజువు కూడా ఇచ్చి ఉండాలి. సన్‌రైజ్ కనీసం 30 రోజులు నడుస్తుంది. ఆ తర్వాత అందరికీ అమ్మకం మొదలైన తొలి 90 రోజులైనా, క్లియరింగ్‌హౌస్‌లో ఉన్న పేరును అచ్చంగా అలాగే తీసుకోబోయేవారికి "ఇది ఫలానావారి మార్కు" అన్న హెచ్చరిక కనిపిస్తుంది. కాదని ముందుకెళ్లి తీసుకుంటే మీకు సమాచారం వస్తుంది. తెలిసీ తీసుకున్నారన్నదానికి తర్వాత ఫిర్యాదులో అదొక మంచి ఆధారం. నా లెక్కలో పది ఎక్స్‌టెన్షన్లలో పేరు కొనడం కంటే ఒక్కసారి క్లియరింగ్‌హౌస్‌లో చేరడం మేలు. పేరును తీసుకోకుండానే, ఒకే నిర్వాహకుడి చేతిలోని చాలా ఎక్స్‌టెన్షన్లలో ఇతరులకు అందకుండా నిలిపివేసే సేవలూ ఉన్నాయి. పెద్ద బ్రాండ్లకు అవి లాభసాటి, మీ స్థాయికి అవసరముందని నాకు అనిపించడం లేదు.

ఇప్పుడు వాడకం సంగతి. "కొత్త ఎక్స్‌టెన్షన్‌లో మీ వ్యాపారానికి సంబంధించిన పదం ఉంది కాబట్టి వెతుకులాటలో పైకి వస్తారు" అనే ప్రచారం ఎక్కువ. దాన్ని నమ్మకండి. కొత్త ఎక్స్‌టెన్షన్లను పాతవాటిలాగే చూస్తామనీ, ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న పదం వల్ల లాభం గానీ నష్టం గానీ ఉండదనీ గూగుల్ 2015లోనే స్పష్టంగా చెప్పింది. పైగా ఏళ్ల తరబడి లింకులు కూడబెట్టుకున్న డాట్ కామ్‌ను వదిలి కొత్త పేరుకు మారితే, దారి మళ్లింపులన్నీ సక్రమంగా పెట్టినా కొంతకాలం ఒడుదొడుకులు తప్పవు. లాభం లేని పనికి ఆ కష్టం ఎందుకు?

మనుషుల అలవాటు ఇంకా పెద్ద అడ్డంకి. ఫోనులో చిరునామా చెప్పినప్పుడు చివర ఏముందో సగం మంది వినరు, చేయి దానంతటదే డాట్ కామ్ కొడుతుంది. ఓవర్‌స్టాక్ అనే అమెరికన్ సంస్థ ఓ డాట్ కో (O.co) అనే పొట్టి పేరును 3,50,000 డాలర్లకు కొని, 2011లో దాన్నే తన కొత్త పేరుగా ప్రచారం చేసింది. ఒక స్టేడియానికి కూడా ఆ పేరు పెట్టించింది. జనం మాత్రం ఓ డాట్ కామ్ (O.com) అని కొట్టారు. ఆ చిరునామాలో ఏమీ లేదు, కొనుక్కుందామన్నా అమ్మకానికి లేదు, ఎందుకంటే డాట్ కామ్‌లో ఒంటి అక్షరం పేర్లను కొన్ని పాతవి తప్ప ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. కొన్ని నెలల్లోనే సంస్థ పాత పేరును ముందుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. ప్రకటనల డబ్బుకు లోటు లేని సంస్థకే ఇది జరిగింది. మీ సంగతి దీనికంటే మేలు, డాట్ కామ్ మీ చేతిలోనే ఉంది. తమ పేరు డాట్ కామ్‌లో మరొకరి చేతిలో ఉన్నవాళ్లు మాత్రం కొత్త ఎక్స్‌టెన్షన్‌ను ప్రచారం చేస్తే తమ ఖర్చుతో ఆ మరొకరికి గిరాకీ పంపినట్టే.

మెయిల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎక్స్‌టెన్షన్ అంటే రెండు మూడు అక్షరాలే ఉంటాయన్న లెక్కతో రాసిన పాత ఫారాలు ఇంకా ఎన్నో వాడకంలో ఉన్నాయి. మీ ఉద్యోగి తన కొత్త చిరునామాను ఏ బీమా సంస్థ ఫారంలోనో నింపితే "చెల్లని మెయిల్" అని తిప్పికొడుతుంది. ఇది ఏళ్లుగా నలుగుతున్న సమస్య, ఐకాన్ దీనిమీద ప్రత్యేకంగా పనిచేస్తున్నా పూర్తిగా పోలేదు. ఇక చవకగా అమ్ముడుపోయే ఎక్స్‌టెన్షన్లలో స్పామ్ పంపేవారు గుంపులుగా చేరతారు. దానివల్ల కొన్ని సంస్థల మెయిల్ సర్వర్లు ఆ ఎక్స్‌టెన్షన్ నుంచి వచ్చే ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తాయి, కొందరు నిర్వాహకులైతే మొత్తంగా అడ్డుకుంటారు. స్పామ్‌ను కనిపెట్టి చూసే స్పామ్‌హౌస్ సంస్థ ఎక్కువగా దురుపయోగమయ్యే ఎక్స్‌టెన్షన్ల జాబితాను ప్రచురిస్తూ ఉంటుంది. కొనేముందు మీరు అనుకుంటున్నది అందులో ఉందేమో చూడండి. మీరు ఎంత నిజాయతీపరులైనా ఇరుగుపొరుగు చెడ్డదైతే ఆ మచ్చ మీకూ అంటుతుంది.

ఎక్స్‌టెన్షన్ ఫైలు పేరులా ఉందా అన్నది కూడా చూడండి. 2023లో డాట్ జిప్ అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు భద్రతా నిపుణులు గగ్గోలు పెట్టారు. మామూలు సందేశంలో రాసిన ఫైలు పేరు కొన్ని యాప్‌లలో దానంతటదే లింకుగా మారిపోతుంది. మోసగాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఇంత చెప్పాను కదా అని కొత్త ఎక్స్‌టెన్షన్లన్నీ పనికిరానివని నా ఉద్దేశం కాదు. ఇప్పుడే మొదలయ్యే సంస్థ, అనుకున్న పేరు డాట్ కామ్‌లో పదేళ్ల కిందటే ఎవరో పట్టుకుని కూర్చున్నారు, దానికి అడిగే ధర పెట్టుబడి కంటే ఎక్కువ: ఇలాంటివారు మంచి కొత్త ఎక్స్‌టెన్షన్ తీసుకొని మొదటి రోజు నుంచి దానితోనే నడిస్తే తప్పేమీ లేదు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2015లో ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ పేరుతోనే వచ్చింది. ఉద్దేశపూర్వకంగా కట్టుదిట్టం చేసినవీ ఉన్నాయి. డాట్ బ్యాంక్‌లో పేరు కావాలంటే మీరు నిజంగా బ్యాంకు అని రుజువు చేసుకోవాలి, నిర్దేశించిన భద్రతా నియమాలు పాటించాలి. డాట్ యాప్, డాట్ డెవ్‌లలోని ఏ సైటునైనా బ్రౌజర్లు సురక్షిత కనెక్షన్ మీద తప్ప తెరవవు. ఇలాంటి చోట ఎక్స్‌టెన్షనే చూసేవారికి ఒక హామీ. మీకు వచ్చిన మెయిల్‌లోని ఎక్స్‌టెన్షన్‌ను ఎవరైనా కొనవచ్చు, ఆ హామీ దానికి లేదు.

ధర విషయంలో మెయిల్‌లో పెద్ద అక్షరాలతో రాసినదాన్ని చూడకండి. అది మొదటి ఏడాది ధర. మీరు కట్టబోయేది ఏటా రెన్యువల్ ధర, అది ఎన్నో రెట్లు ఎక్కువ ఉండవచ్చు. రిజిస్ట్రీలకు ఐకాన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం రెన్యువల్ ధర పెంచాలంటే రిజిస్ట్రార్లకు 180 రోజుల ముందు చెప్పాలి. ఆలోపు పదేళ్ల దాకా పాత ధరకే పొడిగించుకునే వీలుంది. అందరికీ ఒకే రెన్యువల్ ధర ఉండాలన్న నియమమూ ఉంది. కానీ దానికో మినహాయింపు: కొనేటప్పుడే ఎక్కువ రెన్యువల్ ధరకు మీరు స్పష్టంగా ఒప్పుకుని ఉంటే ఆ రక్షణ వర్తించదు. 'ప్రీమియం' పేర్లన్నీ ఈ సందులోంచే వస్తాయి. పొట్టి పదాలు, వ్యాపారాల పేర్లు చాలావరకు ప్రీమియం జాబితాల్లో ఉంటాయి. కొన్నిటికి మొదటిసారి మాత్రమే అదనపు ధర, కొన్నిటికి ప్రతి ఏడాదీ అదే ధర. మీకు ఇస్తానంటున్నది ఈ రెండింటిలో ఏదో రాతపూర్వకంగా అడగండి.

పైగా ఈ ఎక్స్‌టెన్షన్లకు గరిష్ఠ ధర అంటూ ఏమీ లేదు. డాట్ కామ్ టోకు ధర ఏడాదికి ఎంతవరకు పెరగవచ్చో ఒప్పందంలో పరిమితి ఉంది, కొత్తవాటికి అలాంటి కళ్లెం లేదు. అనుకున్నంత గిరాకీ లేకపోవడంతో 2017లో యూనిరిజిస్ట్రీ అనే సంస్థ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటి ధరను ఎన్నో రెట్లు పెంచుతున్నట్టు ప్రకటించింది. గోడాడీ అనే పెద్ద రిజిస్ట్రార్ అయితే ఆ ఎక్స్‌టెన్షన్ల అమ్మకమే ఆపేసింది. తక్కువమంది కొన్న ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నవారికే ఈ ప్రమాదం ఎక్కువ: రిజిస్ట్రీ తన ఖర్చులన్నీ ఆ కొద్దిమంది మీదే రాబట్టుకోవాలి కదా.

రెండక్షరాల ఎక్స్‌టెన్షన్ అయితే లెక్క మరోలా ఉంటుంది. అవి దేశాలకో, ప్రాంతాలకో కేటాయించినవి. డాట్ ఏఐ కృత్రిమ మేధకు పుట్టినది కాదు, అంగ్విల్లాది. డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది. వాటి నియమాలను ఆయా ప్రభుత్వాలో, అక్కడి నిర్వాహక సంస్థలో నిర్ణయిస్తాయి, పైన చెప్పిన 180 రోజుల నియమం వాటికి వర్తించదు. యుగోస్లావియా మాయమయ్యాక డాట్ వైయూను 2010 మార్చిలో తొలగించారు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడాక అక్కడి వారు అర్హత కోల్పోవడంతో 2021 ఆరంభంలో వేలాది డాట్ ఈయూ పేర్లు పనిచేయడం ఆగిపోయాయి. 2024లో తాలిబన్ పాలకులు అఫ్గానిస్థాన్‌కు చెందిన డాట్ ఏఎఫ్ మీద నడుస్తున్న ఒక సామాజిక మాధ్యమ సర్వర్ పేరును నిలిపివేశారు. అదే ఏడాది ఆ హిందూ మహాసముద్ర ప్రాంతంలోని చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగిస్తామని బ్రిటన్ ప్రకటించగానే డాట్ ఐఓ భవిష్యత్తు మీద చర్చ మొదలైంది. కొత్త ఎక్స్‌టెన్షన్లు ఈ విషయంలో కొంత నయం. వాటి నిర్వాహకుడు చేతులెత్తేస్తే అత్యవసరంగా మరొకరు నడిపే ఏర్పాటు ఐకాన్ దగ్గర ఉంది. 2017 డిసెంబరులో డాట్ వెడ్ విషయంలో దాన్ని మొదటిసారి అమలు చేశారు.

ఇక వదులుకోవడం. కొనేముందు దాదాపు ఎవరూ ఆలోచించనిది ఇదే కాబట్టి వివరంగా చెబుతాను.

కొత్త పేరు తీసుకొని రెండేళ్లు వాడారనుకోండి. అమ్మకాల విభాగం దానిమీద మెయిల్ చిరునామాలు పెట్టుకుంది. ఎవరో ఒక ఉద్యోగి ఆ చిరునామాతో క్లౌడ్ సేవలో ఖాతా తెరిచారు, ఇంకొకరు ప్రకటనల ఖాతా, మరొకరు సరఫరాదారు పోర్టల్. తర్వాత "దీనివల్ల ఒరిగిందేమీ లేదు" అని రెన్యువల్ ఆపేశారు. గడువు తీరిన పేరు కొన్నాళ్లకు మళ్లీ అమ్మకానికి వస్తుంది. దాన్ని కొన్నవాడు ఆ డొమైన్‌కు వచ్చే ప్రతి మెయిల్‌ను తన పెట్టెలోకి మళ్లించుకుంటాడు. "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కితే ఆ ఖాతాలు ఒక్కొక్కటే అతని చేతిలోకి వెళతాయి. పాత కస్టమర్లు అలవాటుగా పంపే పత్రాలు కూడా అతనికే చేరతాయి. దీనికి హ్యాకింగ్ విద్య ఏమీ అక్కర్లేదు, పేరు కొనే డబ్బు ఉంటే చాలు.

మెయిల్ పెట్టకుండా ఒక ప్రచారానికి మాత్రమే వాడినా చిక్కు పూర్తిగా పోదు. కరపత్రాల మీద, డబ్బాల మీద, ఇతరుల సైట్లలో ఆ లింకు మిగిలిపోతుంది. అలాంటి పాత పేర్లను ఏరి కొనేవారు ప్రత్యేకంగా ఉన్నారు. మంచి సంస్థ సంపాదించిన లింకుల మీద జూదం సైటు పెట్టడం వాళ్ల వ్యాపారం. మీరు అచ్చు వేయించిన డబ్బా మీది కోడ్‌ను ఎవరో ఫోనుతో స్కాన్ చేస్తే అక్కడికి వెళతారు. ప్రచారానికి పొట్టి చిరునామా కావాలంటే మీ డాట్ కామ్ పక్కనే ఒక ఏటవాలు గీత (/) పెట్టి పదం చేర్చండి. దానికి ఖర్చు లేదు, గడువు లేదు.

కాబట్టి ఒక పేరును వాడకంలోకి తెస్తే, సంస్థ ఉన్నంతకాలం దానికి రుసుము కడతామని ఒప్పుకున్నట్టే లెక్కవేయండి. ఆ లెక్క చూసి కూడా కావాలనిపిస్తే నిక్షేపంగా తీసుకోండి.

తీసుకుంటే చేయాల్సిన పనులు కొన్ని. పేరు సంస్థ పేరు మీదే ఉండాలి. వెబ్‌సైట్ చేసిన ఏజెన్సీ మీదో, ఐటీ చూసే ఉద్యోగి సొంత ఖాతాలోనో ఉంటే, వాళ్లతో చెడిన రోజున మీ పేరు మీది కాదు. రిజిస్ట్రార్ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి. ఆ ఖాతాకు ఇచ్చే మెయిల్ చిరునామా అదే డొమైన్ మీద ఉండకూడదు, డొమైన్ ఆగిపోతే హెచ్చరికా రాదు, ఖాతాలోకి వెళ్లే దారీ ఉండదు. ఆటో రెన్యువల్ పెట్టాక కార్డు గడువు తేదీ కూడా ఎక్కడో రాసి ఉంచండి. చాలా పేర్లు పోయేది నిర్ణయం వల్ల కాదు, పాతబడిన కార్డు వల్ల. గడువు తీరాక రిజిస్ట్రార్ కొన్ని రోజులు ఆగవచ్చు, తొలగించాక కూడా సాధారణంగా 30 రోజులపాటు అదనపు రుసుముతో తిరిగి పొందే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత అయిదు రోజులకు అందరికీ అందుబాటులోకి వస్తుంది.

కాపలాకు మాత్రమే కొన్న పేరైతే దాన్ని ఖాళీగా వదిలేయకండి. ఈ డొమైన్ మెయిల్ తీసుకోదు, దీని పేరుతో ఎవరూ మెయిల్ పంపరు అని డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరును సర్వర్లకు కలిపే వ్యవస్థలో) రికార్డులు పెట్టించండి. లేకపోతే మీరు డబ్బు కడుతున్న పేరుతోనే ఎవరో నకిలీ మెయిళ్లు పంపుతారు. దాన్ని డాట్ కామ్‌కు మళ్లిస్తే సురక్షిత కనెక్షన్‌కు సర్టిఫికెట్ కూడా ఉండాలి. చాలామంది ఇది మరిచిపోతారు, వచ్చినవారికి మళ్లింపు బదులు ఎర్రటి హెచ్చరిక కనిపిస్తుంది.

కొత్త ఎక్స్‌టెన్షన్‌నే సొంతంగా పెట్టుకోవచ్చట కదా అని మీరు చివర్లో అడిగారు. పెట్టుకోవచ్చు. 2012లో దరఖాస్తు రుసుమే 1,85,000 డాలర్లు, 2026 విడతలో 2,27,000. ఆపైన ఏటా నిర్వహణ ఖర్చు వేరు. మెక్‌డొనాల్డ్స్ అంతటి సంస్థ కూడా డాట్ మెక్‌డొనాల్డ్స్ తెచ్చుకొని, వాడకుండానే వెనక్కి ఇచ్చేసింది. ఆ మాట ఇక వదిలేయండి.

మీ విషయానికి వస్తే, మీరు రాసినదాన్నిబట్టి మీ పేరు కల్పిత పదం, డాట్ కామ్ మీదే ఉంది, కొత్త పేరుతో చేయాలనుకున్న పని ఏదీ లేదు. అందుకే సన్‌రైజ్‌లో ఎక్కువ ధర పెట్టి కొనవద్దు. తర్వాత మనసు మారితే అందరికీ అమ్మకం మొదలయ్యాక మామూలు ధరకు చూడవచ్చు. అయితే సన్‌రైజ్ తర్వాత మధ్యలో మరో ముందస్తు దశ పెట్టేవారున్నారు, అందులో మొదటి రోజు ధర చుక్కల్లో ఉండి రోజురోజుకూ తగ్గుతుంది, ఆ దశ ముగిసేదాకా ఆగండి. మీ ట్రేడ్‌మార్క్ నమోదు పూర్తయిందో లేదో మీరు రాయలేదు. దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే క్లియరింగ్‌హౌస్ దాన్ని తీసుకోదు. మీకు మార్కు హక్కులు ఏర్పడకముందే ఎవరైనా డొమైన్ తీసుకుని ఉంటే, దురుద్దేశంతోనే నమోదు చేశారని యూడీఆర్‌పీలో నిరూపించడం చాలా కష్టం. ఈ నెల బడ్జెట్‌లో ఒక్క పనికే డబ్బుంటే ఆ నమోదు పూర్తిచేయించడానికి పెట్టండి.